హెలెన్ మేడమ్ మాటిచ్చిన మనిషి

మా ఊరి సబ్ జైల్లో ఆడ వార్డరు లేదు. ఎప్పుడో గానీ ఒక ఆడమనిషి రిమాండుకి రాదు. దాని కోసం జీతమిచ్చి ఎవరిని పెడతారు? అందుకని ఆడమనిషి వచ్చిన రోజు నాకు ఫోన్ కొడతారు. నేను పోయి, ఆమె ఒళ్లు తడిమి చూసి, గదిలో పెట్టి తాళమేసి, ఆమె ఉన్నన్నాళ్లూ ఆ గది ముందు వరండాలో పడుంటా. ఆమెని పంపించేశాక చాప చుట్టుకుని మళ్లీ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతా. మా ఆయన ప్రేమదాసు పోయిన కాడ్నించి ఇదే బతుకు. బాగానే ఉంది. ఎవరూ అయ్యో అనక్కర్లా.

ఊరి పేరు మాత్రం అడగొద్దు. ప్రత్తిపాడు దాటాక వస్తది, అంతే.

జైలు తెల్లోళ్లు కట్టింది. వెనక కాయలు ఆరబోసే కళ్లాలు, పక్కన కోల్డ్ స్టోరేజీ. ఎండలు ముదిరితే ఊరంతా మిరప ఘాటు. బస్సు దిగినోడు ముందు తుమ్మి, తర్వాత మాట్లాడతాడు. జైల్లో మగోళ్ల బ్యారెక్కులో పగలంతా దగ్గే. ఒక్క మహిళల గదిలోనే ఘాటు ఉండదు. గడప దాటితే చాలు, ఎవరో ముక్కు మూసినట్టు ఆగిపోద్ది. మా వీధిలో దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే, అబ్బో ఎంత దిష్టి ఉందో అనుకుంటారు. నేను చర్చికి పోయేదాన్ని, అయ్యన్నీ నమ్మను. గోడలు మందం, అందుకే రాదు అనుకున్నా.

వార్డరు గౌస్ బాషా మాత్రం ఆ గడప తొక్కడు. అన్నం పళ్లెం కూడా బయటే నా చేతికిస్తాడు.

"ఏం అన్నా, లోపల మీ అత్తగారేమన్నా ఉందా?" అన్నా ఒకసారి.

"మా అత్తగారైతే కేకలేస్తది రెబ్కమ్మా. ఈమె కేకలెయ్యదు."

ఎగతాళికి అన్నాడనుకున్నా. మొహం చూస్తే ఎగతాళి లేదు.

మొన్న ఎండాకాలం మొదట్లో నగ్మా వచ్చింది. నల్లపాడు పిల్ల. ఇరవై రెండో ఇరవై మూడో. మా ఊళ్లో ఒక షావుకారి ఇంట్లో పెళ్లికి వంటోళ్లతో పాటు పనికొస్తే, గొలుసు పోయిందని ఈ పిల్లని పట్టుకున్నారు. కోర్టుకి చూపించే లోపల ఎక్కడ పెట్టారో, ఏం చేశారో ఆ పిల్ల చెప్పలేదు. చెప్పక్కర్లా. నేను ఒళ్లు తడిమి చూసేదాన్ని కదా. అరికాళ్లు బూరెల్లా పొంగినయి. ఎడమ డొక్క నల్లగా కమిలింది. అక్కడ చెయ్యి పెడితే మనిషి ఎగిరి పడింది.

చంటిపిల్ల ఉంది ఆమెకి. అర్ఫా. ఇంకా చన్ను మానలేదు. నల్లపాడులో నగ్మా తల్లి ఖుర్షిదా దగ్గర వదిలేసి వచ్చింది, సాయంత్రానికల్లా పోవచ్చు గదా అని. పాలు కారి జాకెట్టు తడిసి అట్టకట్టింది. తర్వాత పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్లయినయి. జ్వరం పట్టుకుంది. ఒంటేలులో రక్తం పడతా ఉంది.

పోయి జైలరు శ్యామ్ సుందర్ సార్‌కి చెప్పా. "సార్, ఈ పిల్లని ఆసుపత్రికి పంపండి. ఉండదు."

"నువ్వు డాక్టరువా?"

"కాదు సార్. చస్తే కడగాల్సిందాన్ని నేను."

ఆయన టేబులు మీద పెన్ను అటూ ఇటూ జరిపాడు. చెడ్డోడని అనను. భయస్తుడు. "తీసుకొచ్చిన రోజు ఒంటి మీద దెబ్బల్లేవని రాసి లోపలికి తీసుకున్నా రెబ్కా. ఎస్సై నెత్తి మీద నుంచున్నాడు, ఏం చెయ్యను? ఇప్పుడు ఆసుపత్రికి పంపితే ఈ దెబ్బలు మేం కొట్టినయే అంటారు. బెయిలు వచ్చిద్దిలే. నాలుగు రోజులు చూడు."

నాలుగు రోజులు ఉండే ఒళ్లు కాదది. ఒక్కరోజు కూడా అనుమానమే.

మర్నాడు మధ్యాహ్నం పక్క ఊరి జైలు నించి ఫోన్ వచ్చింది. కమిటీ వస్తోందని. జైళ్లలో మనుషుల్ని ఎట్టా పెడుతున్నారో చూడ్డానికి ఒక కమిటీ ఉందంట. సర్కారు నౌకర్లు కాదు, ఎవరి కిందా పని చెయ్యరు, చెప్పకుండా వస్తారు. వాళ్లు చెప్పకపోయినా, చూసిన జైలోళ్లు చూడబోయే జైలోళ్లకి చెప్తారు గదా. ఇంక చూడండి హడావుడి. ఫినాయిలు పోశారు. దాచిపెట్టిన కొత్త దుప్పట్లు తీశారు. ఆ రోజు పప్పులో పప్పు కనపడింది.

శ్యామ్ సుందర్ సార్ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఆ పిల్లని పాత వంటగదిలోకి తీసుకుపో. కమిటీ మేడమ్ వెళ్లిందాకా చప్పుడు చెయ్యనీకు. కోర్టు వాయిదాకి పోయిందని చెప్తా."

"ఆ మేడమ్ చూస్తే ఆసుపత్రికి పంపుద్దేమో సార్."

"అందుకే చూడకూడదు."

పాత వంటగది జైలు వెనక మూల ఉంది. కట్టెలు పెడతారు. ఒక సందు గుండా చూస్తే మహిళల గది తలుపు ఎదురుగా కనపడద్ది. గోతాలు పరిచి నగ్మాని పడుకోబెట్టా. తల నా ఒళ్లో పెట్టుకుంది. ఒళ్లు పెనంలా కాలిపోతా ఉంది.

"పిన్నీ, ఆ మేడమ్ నన్ను చూస్తదా?"

"చూస్తది. నోరు మూసుకుని పడుకో."

ఎట్టా చూపించాలా అని ఆలోచిస్తానే ఉన్నా. కేకేస్తే? నా పని పోద్ది, పోతే పోయింది. అయితే ఆ పిల్లని ఈ గదిలోంచి తీసేలోపు ఈళ్లు ఇంకో మాట అల్లుతారు. సమయం చూసుకోవాలి.

పొద్దు వాలేసరికి కమిటీ తరఫున ఒక్కతే వచ్చింది. హెలెన్ మేడమ్. పెద్దావిడ, నేత చీర, నెరిసిన జుట్టు. గుంటూరులో లాయరుగా చేసిందంట. చెప్పులు బయట వదిలేసి లోపలికొచ్చింది. మగోళ్లతో ఒక్కొక్కళ్లతో విడివిడిగా మాట్లాడింది. ఆమె పద్ధతి అది. ఖైదీతో మాట్లాడేటప్పుడు తలుపు దగ్గరికేసుకుంటది, వార్డర్లు మాట వినపడనంత దూరం పోవాలి, ఆమె నేల మీదే కూర్చుంటది.

తర్వాత మహిళల గది వైపు తిరిగింది.

"అది ఖాళీ మేడమ్. ఉన్న ఒక్కతీ వాయిదాకి పోయింది" అన్నాడు శ్యామ్ సుందర్ సార్.

"ఖాళీ గదైనా చూస్తాను" అని ఆమె లోపలికి పోయింది. సార్ వాకిట్లో నుంచుని గౌస్ బాషా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు, గండం గడిచిందన్నట్టు.

లోపల్నించి తలుపు దగ్గరికి పడింది.

నేను సందులోంచి చూస్తానే ఉన్నా. ఖాళీ గది చూడ్డానికి ఎంతసేపు? చూసి వచ్చెయ్యాలి. రాలేదు. వాకిట్లో వెలుగు తగ్గింది. కళ్లాల మీద కాయలు కుప్ప చేస్తున్న కూలోళ్ల మాటలు కూడా ఆగిపోయినయి.

అప్పుడు వినపడింది. హెలెన్ మేడమ్ గొంతు.

"నీ పేరేంటమ్మా?"

ఏం జవాబు లేదు. కొంచెం ఆగి, మళ్లీ ఆమే.

"దగ్గరికి రావొచ్చుగా... సరే, నువ్వక్కడే కూర్చో. నేనే వస్తా."

నగ్మా కళ్లు తెరిచింది. "పిన్నీ... ఆమె ఎవరితో మాట్లాడుతోంది?"

నేను ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టా.

"ఎవరు కాల్చారు?" అంటోంది మేడమ్. "ఎన్నాళ్లయింది?" ఎదుటి మనిషి చెప్పేది వింటున్నట్టు మధ్య మధ్యలో "ఊఁ... ఊఁ..." అంటోంది.

వంటగది తలుపు నెట్టుకుని శ్యామ్ సుందర్ సార్ వచ్చాడు. వెనకే గౌస్ బాషా. సార్ నన్ను చూడలేదు. నా ఒళ్లో ఉన్న నగ్మాని చూశాడు. వంగి మళ్లీ చూశాడు.

"ఇక్కడే ఉందా?" గొణిగాడు.

"ఎక్కడికి పోద్ది సార్, నడిచే కాళ్లా అవి?"

"మరి లోపల...?"

గౌస్ బాషా కట్టెల మోపు మీద కూలబడ్డాడు. "ఆ గదిలో ఒకామె ఉందని నేను చెప్తే మీరు నవ్వారు సార్" అన్నాడు. తస్బీ పూసలు తీసి తిప్పుకుంటా కూర్చున్నాడు.

కరెంటు పోయింది.

ఆ చీకట్లో మేడమ్ గొంతు ఇంకా స్పష్టంగా వచ్చింది. "ఏడవకు. ఏడవకమ్మా. అన్నం సంగతి కాదు, బెయిలు సంగతి కాదు, ఏం కావాలో అది చెప్పు." తర్వాత నెమ్మదిగా అంది. "అర్థమైంది. నేను మాటిస్తున్నా. నిన్ను నీ బిడ్డ దగ్గరికి చేరుస్తా."

అప్పుడు ఇంకో చప్పుడు. మేడమ్‌ది కాదు. ఎవరో నేల మీద కూర్చునే జరిగినట్టు... బట్ట నేలకి రాసుకున్నట్టు... మూల నించి తలుపు వైపు.

నగ్మా గోళ్లు నా తొడలోకి దిగినయి.

తలుపు తెరుచుకుంది. మేడమ్ ఫోను లైటు వేసుకుని బయటికొచ్చింది. కోపంతో ఊగిపోతోంది.

"శ్యామ్ సుందర్ గారూ! గది ఖాళీ అన్నారే?"

సార్ వాకిట్లోకి పరిగెత్తాడు. "ఖాళీయే మేడమ్... అంటే..."

"అయితే ఇంతసేపూ నేను గోడతో మాట్లాడానా? ఆ మనిషి ఒళ్లు చూశారా మీరు? పసిబిడ్డని చూపించమని కాళ్లు పట్టుకుంది. ఆరేళ్ల లోపు పిల్లలు తల్లి దగ్గర ఉండొచ్చని మీకు తెలీదా? అంబులెన్సు పిలుస్తున్నా. నేనే దగ్గరుండి ఆసుపత్రిలో చేర్పిస్తా. ఎవరడ్డమొస్తారో చూస్తా."

ఆమె అటు తిరిగి ఫోన్ చేస్తోంది. సార్ టార్చి వేసుకుని గదిలోకి పోయాడు. పోయినంత సేపు పట్టలా, వెనక్కి వెనక్కి నడుచుకుంటా వచ్చాడు. కుడి చెయ్యి ప్యాంటుకి తుడుస్తున్నాడు. తుడుస్తున్నాడు... తుడుస్తానే ఉన్నాడు.

నాకు ఒకటే తట్టింది. దెయ్యమో ఏందో, దాని సంగతి తర్వాత. ఒళ్లో ఉన్న పిల్ల ముందు. కొంగు నగ్మా మొహం మీదికి లాగి, చంకల కింద చేతులేసి లేపా. "కాళ్లు కదుపు. ఇప్పుడు రాకపోతే ఇంకెప్పుడూ రావు." చీకట్లో గోడ పక్కగా ఈడ్చుకుని వచ్చి మేడమ్ ముందు నిలబెట్టా.

"ఇదిగోండమ్మా."

మేడమ్ ఆ పిల్ల తల నిమిరింది. "బయటికొచ్చావా తల్లీ. చూశావా, మాట తప్పను నేను."

శ్యామ్ సుందర్ సార్ నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశా.

ఆడ ఖైదీ బయటికి పోతే ఆడమనిషి తోడు పోవాలి, అది రూలు. అంబులెన్సు వచ్చాక నగ్మాని ఎక్కించి, చాప తెచ్చుకుందామని వెనక్కొచ్చా. "ఆ తలుపు తాళమెయ్యి రెబ్కా" అన్నాడు సార్, దూరం నించే.

వరండాలో చీకటి. గది తలుపు ఓరగా ఉంది. లాగి గడియ పెట్టా. తాళం కప్ప తగిలించా.

తలుపుకి అవతల... కింద... నా మోకాళ్ల ఎత్తులో...

"నన్నే గదా పంపిస్తానంది?"

గుసగుస. ఆడగొంతు. ఎండిపోయిన గొంతు.

నేను తాళం తిప్పా. కప్ప రెండుసార్లు లాగి చూశా. పడింది. బాగా పడింది. చాప వదిలేసి వచ్చేశా.

అంబులెన్సులో మేడమ్ ముందు డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక నేను, నగ్మా. గుంటూరు దగ్గర పడేసరికి రోడ్డుకి రెండు పక్కలా కోల్డ్ స్టోరేజీలు, కాయల లారీలు. డ్రైవరు మొహానికి తువ్వాలు కట్టుకున్నాడు. మేడమ్ దగ్గుతా ఉంది. "అబ్బా, కళ్లు మండిపోతున్నాయి" అంటోంది.

వెనక మాకు ఏం లేదు.

కిటికీ తెరిచే ఉంది. గాలి నా మొహానికి కొడతా ఉంది. లారీ పక్కనే పోతోంది. ఘాటు లేదు. కాస్త కూడా లేదు.

నగ్మా కళ్లు మూసుకునే పక్కకి జరిగింది. ఇంకొంచెం జరిగింది. అంచుకొచ్చేసింది.

"ఏందే, పడతావు. లోపలికి జరుగు."

"చోటు చాలట్లేదంట పిన్నీ."

"ఎవరికి?"

ఆ పిల్లకి అవతల పక్క స్ట్రెచరు మీద మూరెడు ఖాళీ. ఆ ఖాళీలో దుప్పటి కొంచెం కుంగి ఉంది. గతుకుల్లో బండి ఎగురుతోంది. ఆ గుంట మాత్రం అట్టాగే ఉంది. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట గుర్తు రాలా. ప్రభువా, ప్రభువా, అంతే.

పెద్దాసుపత్రిలో ఒక చిన్న డాక్టరమ్మ చూసింది. దెబ్బలన్నీ ఒక్కొక్కటీ చెప్తా రాయించింది. "ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటేది. ఇప్పుడు ఫర్వాలేదు, బతుకుతుంది" అంది. అప్పుడు పోయి బెంచీ మీద కూర్చున్నా.

"వీపు మీద కాలిన మచ్చలు రాయలేదే?" అంది హెలెన్ మేడమ్.

"కాలినవా? అవేం లేవే మేడమ్."

"ఉన్నాయి. నాకు చూపించింది." మేడమ్ వంగి నగ్మా జాకెట్టు వెనక పైకి లేపింది. చూసింది. లైటు దగ్గరికి తిప్పించి చూసింది. వీపు నున్నగా ఉంది.

నన్ను బయటికి తీసుకొచ్చింది. ఇందాకటి కోపం ఏమీ లేదు ఆమెలో. "రెబ్కా గారూ, అబద్ధం చెప్పొద్దు. నేను గదిలో ఉన్నంతసేపూ ఈ అమ్మాయి ఎక్కడుంది?"

"నా ఒళ్లోనండి. పాత వంటగదిలో."

మేడమ్ తన కుడిచెయ్యి అరచెయ్యి పైకి పెట్టి చూసుకుంది. "నేను తాకి చూశానే... పాత మచ్చలు కావవి. ఇప్పుడే కాల్చినట్టు వేడిగా ఉన్నాయి."

కూర్చోండమ్మా అన్నా. కూర్చోలేదు.

"నేను మాటిచ్చాను రెబ్కా గారూ."

"చీకట్లో పొరపాటు పడ్డారు. ఎవరైనా పడతారు. పిల్ల బతికింది, అది చాలు. ఇంటికెళ్లి పడుకోండమ్మా" అన్నా. ఆమె చెయ్యి అట్టాగే పైకి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

తెల్లారేసరికి నగ్మాకి జ్వరం దిగింది. మొహంలో మనిషి కనపడింది. పాపని తెప్పించుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. టీ తెచ్చి ఇచ్చా. ఊదుకుంటా తాగింది.

"పిన్నీ, పక్క మంచం ఆవిడ వెళ్లిపోయిందా?"

పక్క మంచం మీద పరుపు చుట్టి పెట్టి ఉంది. మేం వచ్చినప్పటి నించీ అంతే.

"ఏ ఆవిడ?"

"రాత్రి నీకు నిద్ర పట్టాక వచ్చింది. నా పక్కనే కింద కూర్చుంది. పాప గురించి ఎంత అడిగిందో. పేరేంటి, నవ్వుద్దా, ఎవరి దగ్గరుంది అని. హెలెన్ మేడమ్ మాటిచ్చిందంట, పాప దగ్గరికి చేరుస్తానని. మేడమ్ మనిషే గదా అని ఇల్లు చెప్పా. రైలు స్టేషన్ వెనక, పచ్చ తలుపు. మా అమ్మ టీ ఇస్తది, నువ్వే ముందెళ్లి చూడు అన్నా."

నా చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టానో తెలీదు. రాత్రి ఆసుపత్రి నించి చేసిన ఖుర్షిదా నంబరే మళ్లీ కొట్టా. మోగింది... మోగింది... ఎత్తింది.

"ఆఁ రెబ్కమ్మా! నగ్మా ఎట్టా ఉంది?"

"బాగుంది. మీ ఇంటికి ఎవరన్నా వచ్చారా?"

"వచ్చిందిగా, మీరు పంపినావిడ. చీకటితోనే వచ్చింది. పాపం మాట తక్కువ. టీ అంటే వద్దంది. లోపల మూలన కూర్చుంది." ఖుర్షిదా గొంతు తగ్గించింది. "మెల్లగా మాట్లాడు తల్లీ. అర్ఫా ఇన్ని రోజుల్నించీ గుక్కపట్టి ఏడుస్తానే ఉందా, ఆవిడ ఒళ్లోకి తీసుకోగానే ఠక్కున ఆగిపోయింది."

"పాపని తీసుకోండి" అన్నా. "ఇప్పుడే తీసుకుని బయటికి రండి. నేను వస్తున్నా. తీసుకోండి ముందు!"

"ఏందమ్మా, అట్టా అరుస్తావు? ఉండు..."

అడుగుల చప్పుడు. తలుపు కిర్రుమంది. "ఏమ్మా, పిల్లని ఒకసారి ఇటియ్యి" అంటోంది ఖుర్షిదా. ఏం జవాబు లేదు. కొంచెం ఆగి, "ఊఁ... సరే సరే" అంటోంది.

మళ్లీ ఫోను దగ్గరికొచ్చింది. "పాలు తాగుతోందంట. అయినాక ఇస్తానంటోంది."

ఆమె వెనకాల, చిన్నగా, పిల్ల గుటకలేస్తున్న చప్పుడు నాకు వినపడతానే ఉంది.